గర్భిణి ఆహారము, శ్రమ – ఒక జమాఖర్చు

ఇంటిలో కోడలు నెల తప్పినదని తెలిసిన నాటినుండి పెద్దలు ఆమెను గురించి "వట్టి మనిషి కాదు" అనుట మొదలుపెడతారు. బరువు ఎత్తబోయినా, మెట్లు త్వరగా ఎక్కబోయినా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. భోజనమునకు కూర్చున్నప్పుడు మరొక మాట వినిపిస్తుంది: "ఇద్దరి తిండి తినాలమ్మా!" అదే ఊరిలో, అదే వీధిలో, దీనికి పూర్తిగా విరుద్ధమైన మాట కూడ వినవచ్చును: "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది, కాస్త తగ్గించుకో." పని విషయములోనూ ఇంతే. ఒక అత్తగారు కోడలిని మంచము దిగనీయదు. ప్రక్క ఇంటిలో ఏడవ నెల గర్భిణి వరినాట్లకు పోయి, సాయంత్రము తిరిగివచ్చి నీళ్ళ బిందె ఎత్తుతుంది. పట్టణములో వేరొక ఆమె వైద్యురాలి సలహాపై ఉదయము అరగంట నడుస్తూ, ఈ నడకవలన కడుపులోని బిడ్డకు తిండి తక్కువ పడునేమో అని లోలోపల భయపడుతూ ఉంటుంది.

ఈ మాటలలో ఏది నిజము? తిండిని ఒక్కదానినే చూచినా, పనిని ఒక్కదానినే చూచినా దీనికి సమాధానము దొరకదు. గృహిణి ఇంటి పద్దు వ్రాసినట్లు జమ ఒకవైపు, ఖర్చు మరొకవైపు వ్రాసి చూడవలెను. బిడ్డ పెరుగుదలకు అందేది తల్లి తిన్నది అంతా కాదు. తల్లి తన జీవక్రియకు, తన పనికి ఖర్చు పెట్టుకొనగా మిగిలినది.

ఈ పద్దులో వాడే నాణెము కాలరీ. ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కించుటకు కావలసిన ఉష్ణమును ఆహారశాస్త్రజ్ఞులు ఒక కాలరీ అంటారు. భౌతికశాస్త్రములో దీనినే కిలోకాలరీ అంటారు. ఈ తేడాను ఉపాధ్యాయులు విద్యార్థులకు ముందుగానే చెప్పుట మంచిది. లేనియెడల లెక్క వేయి రెట్లు తప్పుతుంది. ఒక గ్రాము పిండిపదార్థము నుండి, ఒక గ్రాము మాంసకృత్తుల నుండి సుమారు 4 కాలరీల చొప్పున, ఒక గ్రాము క్రొవ్వు నుండి 9 కాలరీలు శరీరమునకు లభిస్తాయి.

మనము ఏ పనీ చేయక పడుకొని ఉన్నను గుండె కొట్టుకొనుట, ఊపిరి ఆడుట, శరీరము వెచ్చగా నిలుచుట ఆగవు. ఇందుకయ్యే కనీసపు ఖర్చునకు ఆధార జీవక్రియ అని పేరు. స్థూలముగా చెప్పవలెనన్న, కిలో బరువునకు గంటకు ఒక కాలరీ. 50 కిలోల స్త్రీకి గంటకు 50 కాలరీలు. మిగిలిన పనులన్నిటిని దీనికి ఎన్ని రెట్లో చెప్పి కొలుచుట శాస్త్రజ్ఞుల అలవాటు. కూర్చొని ఉండుటకు ఒకటిం బావు రెట్లు, వంట, ఊడ్పు మొదలైన ఇంటిపనులకు సుమారు రెండున్నర రెట్లు, మామూలు నడకకు మూడు రెట్లకు పైగా, వంగి వరినాట్లు వేయుటకు మూడు, నాలుగు రెట్లు ఖర్చవుతుంది.

ఇక గర్భము అడిగే అదనపు ఖర్చు ఎంత? ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలసి 2004లో ప్రకటించిన నివేదికలో ఈ లెక్క ఉన్నది. మంచి ఆరోగ్యము గల స్త్రీ గర్భకాలములో 12 కిలోలు బరువు పెరిగినయెడల మొత్తము సుమారు 77,000 కాలరీలు అదనముగా కావలెను. ఈ మొత్తములో దాదాపు సగము తల్లి ఆధార జీవక్రియ పెరుగుటకే పోతుంది. ఆశ్చర్యపడ నక్కరలేదు. నెలలు నిండునాటికి ఆమె రక్తము నూటికి 40 నుండి 50 వంతులు పెరుగుతుంది. గుండె ప్రతి నిమిషము మునుపటికంటె ఎక్కువ రక్తమును తోడవలెను. మూత్రపిండములు ఎక్కువ వడపోయవలెను. తక్కిన సగములో హెచ్చుభాగము తల్లి శరీరములో క్రొవ్వుగా నిలువ చేరుతుంది. ఆ క్రొవ్వు వృథా కాదు. కాన్పు తరువాత పాలిచ్చుటకు రోజుకు మరి 600 కాలరీలు అదనముగా కావలసి ఉంటుంది. ఆ రాబోయే ఖర్చునకు ప్రకృతి ముందుగా కట్టిపెట్టిన మూట అది.

ఈ 77,000 కాలరీలు తొమ్మిది నెలలకు సమానముగా పంచబడవు. మొదటి మూడు నెలలలో రోజుకు 85, నడిమి మూడు నెలలలో 285, చివరి మూడు నెలలలో 475 అని ఆ నివేదిక లెక్కగట్టినది. మొదటి 85 కాలరీలు అనగా ఒక చిన్న అరటిపండు! వేవిళ్ళతో అన్నము సహించని రోజులలో ఇద్దరి తిండి తినమని బలవంతపెట్టుటలో అర్థము లేదని దీనివలన తెలుస్తున్నది. మన దేశములో భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము గర్భిణికి రోజుకు 350 కాలరీలు అదనము. మాంసకృత్తులు నడిమి మూడు నెలలలో 9.5 గ్రాములు, చివరి మూడు నెలలలో 22 గ్రాములు అదనము. కనుక "ఇద్దరి తిండి" అన్నమాట అన్నము రాశి విషయములో అతిశయోక్తి. పప్పు, పాలు, గ్రుడ్లు, ఆకుకూరల విషయములో మాత్రము అందులో కొంత నిజమున్నది.

350 కాలరీలు దేనిమీద అదనము అన్నది అసలు ప్రశ్న. అదే ప్రమాణములలో 55 కిలోల స్త్రీకి, ఆమె గర్భిణి కానప్పుడు, కూర్చొని చేసే పనియైతే రోజుకు 1,660, మధ్యరకము శ్రమయైతే 2,130, కఠిన శ్రమయైతే 2,720 కాలరీలు కావలెనని ఉన్నది. మొదటిదానికి, చివరిదానికి మధ్య తేడా 1,060. అనగా కఠిన శ్రమ అడిగే అదనము, గర్భము అడిగే అదనమునకు మూడు రెట్లు! గర్భిణీ ఆహారమును గురించి వచ్చే కరపత్రములు చాలవరకు 350 మాట చెప్పి ఊరకుంటాయి. తేడా అంతా ఈ వేయింటిలో ఉన్నది.

దీనిని ఒక ఉదాహరణతో చూతము. ఉపాధ్యాయులు తరగతిలో నల్లబల్లమీద వేయించదగిన లెక్క ఇది. 50 కిలోల బరువుగల స్త్రీ నాట్ల రోజులలో కూలికి పోతున్నదనుకొనుడు. ఎనిమిది గంటలు నిద్ర: 400 కాలరీలు. తెల్లవారుజామున, రాత్రి కలిపి ఐదు గంటలు ఇంటిపని, రెండున్నర రెట్లు చొప్పున: 625. పొలమునకు పోయివచ్చుటకు గంట నడక: 165. ఏడు గంటలు నాట్లు, మూడున్నర రెట్లు చొప్పున: 1,225. మిగిలిన మూడు గంటలు కూర్చొని మాటలు, భోజనము: 195. మొత్తము 2,610. ఇది ఆమె తన కొరకు పెట్టే ఖర్చు. గర్భమునకు కావలసిన 350 కలిపితే 2,960. ఇంత తిండి ఆమె కంచములో పడుతున్నదా? ఉదయము టీ నీళ్ళు త్రాగి బయలుదేరి, మధ్యాహ్నము గట్టుమీద పచ్చడి మెతుకులు తిని, రాత్రి అందరూ తిన్న తరువాత మిగిలినది తినే మనిషికి ఈ లెక్క కుదురుట కష్టము.

ఇప్పుడు అదే స్త్రీ ఆ రోజు పొలమునకు పోక ఇంటివద్దనే ఉన్నదనుకొందము. ఇంటిపని మామూలే. నాట్లు, నడక పోయిన ఎనిమిది గంటలు కూర్చొని చేసే చిన్న చిన్న పనులతో గడచినవి. వాటికి ఖర్చు 1,390 బదులు సుమారు 560. మిగులు 830 కాలరీలు. నూరు గ్రాముల బియ్యములో సుమారు 350 కాలరీలు ఉంటాయి. కనుక ఆమెకు దొరికిన ఒక రోజు విశ్రాంతి దాదాపు పావు కిలో బియ్యముతో సమానము! విశ్రాంతి కూడ ఒక ఆహారమే అన్నది ఇక్కడ అలంకారము కాదు, కూడిక తీసివేతల లెక్క.

మన ఇళ్ళలో ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో ఆడపిల్లను పురిటికి పుట్టింటికి తీసుకొనిపోయే ఆచారమును ఈ దృష్టితో చూచినచో ముచ్చట వేస్తుంది. అక్కడ ఆమెకు పని తగ్గుతుంది, అమ్మ చేతి తిండి పెరుగుతుంది. పద్దులో రెండువైపులా ఒక్కసారే మేలు జరుగుతుంది. పుట్టింటివారు చలిమిడి తెచ్చి పెట్టుటలోను, సీమంతమునాటి తీపి వంటలలోను ఉన్నది వేడుక మాత్రమే కాదు. బియ్యపు పిండి, బెల్లము, నెయ్యి కలిసిన చలిమిడి చిన్న ముద్దలో పెద్ద శక్తి గల పదార్థము. అయితే కూలికి పోనిదే పొయ్యి వెలగని ఇంటిలో పుట్టింటికి పోయినా పని తప్పదు.

జమ చాలనప్పుడు శరీరము ఏమి చేస్తుంది? ఈ ప్రశ్నకు మంచి సమాధానము మన దేశమునుండి కాక ఆఫ్రికానుండి వచ్చినది. ఆ ఖండపు పడమటి తీరమున గాంబియా అని ఒక చిన్న దేశమున్నది. అక్కడ కెనెబా అను పల్లెలో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలివారు ఎన్నో దశాబ్దములుగా తల్లీబిడ్డల ఆరోగ్యమును గమనిస్తూ వచ్చినారు. ఆ ప్రాంతము మన రాయలసీమ, పాలమూరు పల్లెలవారికి పరిచయమైనట్లే ఉంటుంది: వానమీద ఆధారపడిన సేద్యము, వేరుశనగ పంట. స్త్రీలు వరి కూడ పండిస్తారు. జూను నుండి అక్టోబరు వరకు వానలు. సరిగా ఆ నెలలలోనే పాత ధాన్యము గాదెలలో అడుగంటుతుంది, పొలముపని ముమ్మరమవుతుంది. జమ తగ్గినప్పుడే ఖర్చు పెరుగుతుందన్నమాట. ఆ కాలమును వారు ఆకలి ఋతువు అంటారు. ఆ ఋతువులో పుట్టిన బిడ్డలు కోతల తరువాత పుట్టిన బిడ్డలకంటె తక్కువ బరువుతో పుడుతున్నట్లు పరిశోధకులు కనిపెట్టినారు.

అంతకంటె విచిత్రమైన విషయము మరొకటి వారు చూచినారు. తిండి చాలని గాంబియా తల్లులలో గర్భము మొదటి నెలలలో ఆధార జీవక్రియ పెరుగుటకు బదులు తగ్గినది. క్రొవ్వు మూట కూడ చేరలేదు. శరీరము తన దీపముల వత్తులను తగ్గించుకొని, మిగిలిన నూనెను బిడ్డకు దాచిపెట్టినదన్నమాట. పేద తల్లులు అరకొర తిండితో, చాకిరితో కూడ బిడ్డలను కనగలుగుతున్నారంటే ఈ పొదుపే కారణము. దీనిని చూచి కొందరు, "చూచితిరా, ప్రకృతే సర్దుకుంటుంది, మనము చేయవలసినది ఏమున్నది?" అనవచ్చును. ఆ వాదము తప్పని అదే దేశములో ఒక ప్రయోగము నిరూపించినది.

కెనెబా చుట్టుప్రక్కల 28 గ్రామములలో ఐదు సంవత్సరములపాటు ఈ ప్రయోగము జరిగినది. ఫలితములు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినవి. సగము గ్రామములలో గర్భిణులకు ఐదవ నెలనుండి ప్రతిదినము వేరుశనగలు, బియ్యపు పిండి, చక్కెర, వేరుశనగ నూనె కలిపి కాల్చిన రెండు బిస్కత్తులు ఇచ్చినారు. వాటిలో సుమారు 1,000 కాలరీలున్నవి. మిగిలిన గ్రామముల తల్లులకు అవే బిస్కత్తులు కాన్పు తరువాత ఇచ్చినారు. గర్భములో ఉండగా తిన్న తల్లుల బిడ్డలు సగటున 136 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టినారు. ఋతువులవారీగా విడదీసి చూడగా కోతల తరువాతి నెలలలో ఈ లాభము 94 గ్రాములు మాత్రమే. ఆకలి ఋతువులో 201 గ్రాములు! తిండి తక్కువై పని ఎక్కువైనచోట ఇచ్చిన ముద్దకే విలువ ఎక్కువ. అన్నిటికంటె ముఖ్యము, కడుపులోనే చనిపోయి పుట్టిన శిశువుల సంఖ్య దాదాపు సగమునకు తగ్గినది. శరీరము పొదుపు చేసుకొనగలదు గాని, ఆ పొదుపునకు వెల ఉన్నదని ఈ అంకె చెప్పుచున్నది.

రెండు వందల గ్రాములు ఒక లెక్కా అని విద్యార్థి అడుగవచ్చును. పుట్టినప్పుడు రెండున్నర కిలోలకు తక్కువ ఉన్న బిడ్డను తక్కువ బరువు బిడ్డ అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో తూచిన బిడ్డలలో నూటికి 18 మంది అట్టివారు. మనవారి బిడ్డల బరువులు చాలవరకు ఆ సరిహద్దుకు దగ్గరగానే ఉంటాయి. సరిహద్దువద్ద రెండు వందల గ్రాములు అటో ఇటో అగుట చలిని, అంటురోగములను తట్టుకొనుటకు, తట్టుకొనలేకపోవుటకు గల తేడా.

మన దేశములో ఇట్టి పరిశీలన పూనా సమీపములోని ఆరు గ్రామములలో జరిగినది. అక్కడి తల్లుల సగటు బరువు గర్భమునకు ముందు 42 కిలోలు కూడ లేదు. బిడ్డల సగటు బరువు సుమారు 2.7 కిలోలు. సేద్యపు పని, ఇంటి చాకిరి ఎక్కువగా చేసిన తల్లుల బిడ్డలు తక్కువ చేసినవారి బిడ్డలకంటె చిన్నవారుగా పుట్టినట్లు డాక్టరు శోభారావు, డాక్టరు యాజ్ఞిక్ మొదలైనవారు 2003లో ప్రకటించినారు. అంతకు రెండేళ్ళ ముందు వెలువడిన వారి మరొక వ్యాసములో పాలు, ఆకుకూరలు, పండ్లు తరచు తిన్న తల్లుల బిడ్డలు పెద్దవారుగా పుట్టినట్లు ఉన్నది. కాలరీల లెక్క ఒక్కటే సరిపోదని, ఆకుకూరలోని ఫోలేటు, ఇనుము వంటి సూక్ష్మ పోషకములకు కూడ ఈ పద్దులో చోటున్నదని గ్రహించవలెను.

ఇంతవరకు చదివినవారు గర్భిణి కదలక కూర్చొనుటే మేలు అనుకొనకూడదు. పొలములో ఏడు గంటలు వంగి పనిచేయుట వేరు. కడుపునిండ తిని అరగంట నడచుట వేరు. ఆ నడకకయ్యే ఖర్చు, ఊరక కూర్చున్నదానికంటె ఎంత ఎక్కువ? 55 కిలోల స్త్రీకి సుమారు 60 కాలరీలు. ఒక చిన్న అరటిపండుతో ఆ అప్పు తీరిపోతుంది! నడక వలన బిడ్డ తిండికి లోటు వస్తుందని భయపడే పట్టణపు తల్లికి ఇది ధైర్యము చెప్పవలసిన అంకె.

నడకవలన లాభము కూడ ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూత్రములలో, వైద్యరీత్యా అడ్డంకి లేని గర్భిణులు వారమునకు కనీసము 150 నిమిషములు మధ్యరకము వ్యాయామము చేయవలెనని ఉన్నది. గర్భకాలములో వచ్చే మధుమేహము, అవసరమునకు మించిన బరువు దీనివలన తగ్గుతాయి. కూర్చొని చేసే ఉద్యోగములు, పాలిష్ బియ్యము, తీపి పానీయములు పెరిగిన మన పట్టణములలో ఇది చిన్న విషయము కాదు. అమెరికాలో జేమ్స్ క్లాప్ అను వైద్యుడు వ్యాయామము చేసే గర్భిణులను చాలాకాలము పరిశీలించినాడు. మొదటి నెలలలో మితమైన వ్యాయామము ప్రారంభించిన తల్లులలో మావి నడిమి నెలలలో త్వరగా పెరిగినదని, బిడ్డలు చక్కని బరువుతో పుట్టినారని ఆయన 2000లో ప్రకటించినాడు. అయితే చివరి నెలలలో వ్యాయామమును బాగా పెంచినవారి బిడ్డలు కొంచెము తేలికగా, తక్కువ క్రొవ్వుతో పుట్టినారని కూడ ఆయనే చూపినాడు. ఆ తల్లులు కడుపునిండ తినేవారని మరువరాదు. ఆయన ఫలితములను 42 కిలోల తల్లికి అంటగట్టుట అన్యాయము.

ఎంత తినవలెనన్న దానితోపాటు ఎప్పుడు తినవలెనన్నది కూడ ముఖ్యమే. గర్భస్థ శిశువునకు ప్రధానమైన ఇంధనము గ్లూకోజు. అది తల్లి రక్తములో ఎక్కువగాను బిడ్డ రక్తములో తక్కువగాను ఉండుటచే, చెరువు నీరు పల్లమునకు పారినట్లు, మావిలోగుండా బిడ్డవైపు పోతుంది. చెరువు మట్టము తగ్గితే కాలువ పారకము తగ్గుతుంది కదా! బిడ్డ రాత్రింబవళ్ళు గ్లూకోజును తీసుకొంటూనే ఉంటుంది. తల్లి మాత్రము పూటపూటకే తింటుంది. అందుచేత చివరి నెలలలో తల్లి రాత్రి ఎనిమిదింటికి తిని ఉదయము పది వరకు ఏమీ తినకున్నయెడల, గర్భిణి కాని స్త్రీలో కంటె ఎంతో త్వరగా ఆమె రక్తములో చక్కెర పడిపోతుంది, క్రొవ్వు కరగి కీటోనులు అను పదార్థములు పుడతాయి. చికాగోకు చెందిన నార్బర్ట్ ఫ్రింకెల్ అను శాస్త్రజ్ఞుడు ఈ స్థితికి వేగిరపడిన ఉపవాసము అను అర్థము వచ్చే పేరు పెట్టినాడు. మామూలు మనిషికి రోజంతా ఉపవాసము చేయుటవలన కలిగే మార్పులు గర్భిణికి ఒక పూట మానుటతోనే మొదలవుతాయి. ఆ ఉపవాసముమీద శ్రమ కూడ తోడయినచో కండరములు బిడ్డతో పోటీగా గ్లూకోజును లాగుకొంటాయి.

కనుక పరగడుపున నడక, పరగడుపున నాట్లు రెండును తగవు. బయలుదేరుటకు అరగంట, గంట ముందు ఏదో ఒకటి కడుపులో పడవలెను. ఈ విషయములో మన పాత చద్దన్నము, మజ్జిగ, ఉల్లిపాయ, సంగటి ముద్ద, జొన్నరొట్టె ఇప్పటి టీ గ్లాసుకంటె ఎంతో మేలైనవి. (టీ మీద నాకు ద్వేషము లేదు. కాని భోజనముతోపాటు త్రాగిన టీ, అన్నములోని ఇనుము రక్తములో చేరకుండ అడ్డుపడుతుంది. 2019–21 సర్వేలో మన దేశపు గర్భిణులలో సగమునకు పైగా రక్తహీనత ఉన్నట్లు తేలినప్పుడు ఈ మాట చెప్పక తప్పదు.) పొలమునకు పోయే మనిషి కొంగున గుప్పెడు వేయించిన వేరుశనగలు, ఒక బెల్లపు ముక్క కట్టుకొనిపోయిన చాలును. 30 గ్రాముల వేరుశనగలలో 170 కాలరీలు, 7 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి. 20 గ్రాముల బెల్లములో 75 కాలరీలు. దానికొక అరటిపండు చేరిస్తే గర్భము అడిగే 350 దాదాపు అక్కడే తీరుతుంది. 22 గ్రాముల మాంసకృత్తులకు వీటితోపాటు ఒక గ్లాసు పాలు, ఒక గ్రుడ్డు, మామూలుకంటె ఒక గరిటె ఎక్కువ పప్పు కావలెను.

"బిడ్డకు చోటు చాలదు, తక్కువ తిను" అనే మాటను గురించి కూడ ఇక్కడనే చెప్పుకొనవచ్చును. అన్నము పోయేది జీర్ణాశయములోనికి, బిడ్డ పెరిగేది గర్భాశయములో. రెండును వేరు వేరు సంచులు. కాని పెరిగిన గర్భాశయము జీర్ణాశయమును పైకి నెట్టుట నిజమే. అందువలననే నెలలు నిండినవారు నాలుగు ముద్దలకే ఆయాసపడతారు. దీనికి విరుగుడు తిండి తగ్గించుట కాదు, రెండుపూటల తిండిని ఐదారు చిన్న పూటలుగా విడగొట్టుట. గ్లూకోజు మట్టము నిలుచుటకు కూడ అదే మార్గము.

శ్రమ ఎంతవరకు మితము? గడియారములు, నాడి లెక్కలు లేకుండ తెలుసుకొనే ఉపాయమొకటి ఉన్నది. నడుస్తూ ప్రక్కవారితో మాటలాడగలగవలెను. పాట పాడలేకపోయినా ఫరవాలేదు. మాట తెగి ఆయాసము వస్తున్నచో వేగము తగ్గించవలెను. మన దేశములో ఎండను కూడ లెక్కలోనికి తీసుకొనవలెను. బిడ్డ శరీరము తల్లి శరీరముకంటె సుమారు అర డిగ్రీ వెచ్చగా ఉంటుంది. ఆ వేడిని బిడ్డ తల్లి రక్తములోనికే విడువవలెను, దానికి వేరే దారి లేదు. తల్లి ఎండలో కాగిపోతున్నప్పుడు ఆ దారి మూసుకొనిపోతుంది. పైగా చల్లబడుటకు రక్తము చర్మమువైపు మళ్ళి, నెలలు నిండినప్పుడు నిమిషమునకు అర లీటరుకు పైగా రక్తము అందవలసిన గర్భాశయమునకు పారకము తగ్గుతుంది. నడక అయినా కూలిపని అయినా చల్లని వేళలలో, మంచినీరు దగ్గర ఉంచుకొని చేయవలెను. సగము నెలలు దాటిన తరువాత వెల్లకిల పడుకొని చేసే వ్యాయామములు మానవలెను. గర్భాశయపు బరువు వెన్నెముక ప్రక్కనున్న పెద్ద సిరను నొక్కి కళ్ళు తిరిగేటట్లు చేస్తుంది. రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, గుండెలో నొప్పి, తల దిమ్ము, బిడ్డ కదలిక తగ్గుట కనిపించిన తక్షణమే పని ఆపి వైద్యుని వద్దకు పోవలెను. రక్తపుపోటు, గుండెజబ్బు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు, మావి క్రిందికి దిగి ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే వ్యాయామము మొదలుపెట్టరాదు.

ఈ పద్దు సరిగా నడుస్తున్నదా లేదా అని తెలియుటకు కాలరీలు కూడనక్కరలేదు. త్రాసు చాలును. ఆరోగ్యవంతురాలైన స్త్రీ నాలుగవ నెలనుండి వారమునకు సుమారు 400 గ్రాములు, మొత్తముమీద 10 నుండి 12 కిలోలు పెరుగుతుంది. సన్నగా ఉన్నవారు ఇంతకంటె ఎక్కువ, స్థూలకాయులు తక్కువ పెరుగుట మంచిది. రెండు తూకముల మధ్య బరువు కదలకున్నయెడల జమ తక్కువో, ఖర్చు ఎక్కువో అయినదని అర్థము.

జమ పెంచుటకు ప్రభుత్వములు చేసిన యత్నములలో ఒకటి చెప్పుకొనదగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో అమృతహస్తము, తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి అను పథకములక్రింద గర్భిణులకు అంగన్‌వాడీ కేంద్రములోనే అన్నము, పప్పు, గ్రుడ్డు, పాలతో ఒక పూట పూర్తి భోజనము వడ్డించినారు. ఇంటికి పంపక అక్కడనే కూర్చుండబెట్టి వడ్డించుటలో ఒక తెలివి ఉన్నది. ఇంటికి పోయిన గ్రుడ్డు తల్లి నోటికి పోదు, పెద్దబిడ్డ నోటికో భర్త కంచములోనికో పోతుంది. ఆఖరున తినే మనిషిని మొదట తినిపించుటకు అది ఒక మార్గము. కాని నాట్ల రోజులలో ఆ వడ్డన వేళకు మన లెక్కలోని స్త్రీ ఊరికి మైలు దూరములో, మోకాలిలోతు బురదలో ఉంటుంది. ఆ పూట ఆమె తిండి పొలము గట్టుకు చేరవలెను, లేదా ఆ రోజు కూలి ఇంటికి చేరవలెను.